తీగలు తిరగేసిన చేతులు: కుడిచేతి గిటార్ ఎడమచేతికి వచ్చిన చరిత్ర



ఈ ప్రసంగంలో మనం ఒక చిన్న మరమ్మతు పని చరిత్రను తెలుసుకోబోతున్నాం. కుడిచేతి వాటం వారి కోసం తయారైన గిటార్‌ను ఎడమచేతి వాటం వారు వాయించుకునేలా ఎలా మారుస్తారు? అలా ముందుగా మార్చుకున్నవారిలో పేరు పొందినవారెవరు? మార్చినప్పుడు వాద్యంలో ఏమేమి జరుగుతుంది? ఇవే మన ప్రశ్నలు.

ఇదేమంత పెద్ద విషయం అని మీకు అనిపించవచ్చు. కానీ మీ తరగతిలో 40 మంది ఉంటే వారిలో దాదాపు నలుగురికి ఇది సొంత విషయం. 2020లో ప్రచురితమైన ఒక పెద్ద విశ్లేషణలో, వివిధ దేశాలలో జరిగిన పరిశీలనల నుంచి 20 లక్షల మందికి పైగా వ్యక్తుల వివరాలను కలిపి చూశారు. ఎడమచేతి వాటం వారు సుమారు 10.6 శాతం అని అందులో తేలింది. మన ఇళ్ళలో ఇలాంటి పిల్లలను పుర్రచేతి వాటం వాళ్ళంటారు. అన్నం తినేటప్పుడు, పలక మీద రాసేటప్పుడు, ఎవరికైనా వస్తువు అందించేటప్పుడు "ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి" అన్న మాట వినని పుర్రచేతి పిల్లలు అరుదు. అదే మాట సంగీతం నేర్చుకునే చోట వినిపించినప్పుడు, కొందరు వాద్యాన్నే వదిలేస్తారు. ఒక చదునైన ఎముక ముక్క, రెండు మూడు గంటల ఓపికైన పని ఒక పిల్లవాడికి సంగీతాన్ని దక్కించగలిగితే, ఆ పని తెలుసుకోదగినదే.

ఫెరార్‌గంజ్ నుంచి ఒక ఆలోచన

దక్షిణ అండమాన్‌లో ఫెరార్‌గంజ్ అనే ఊరు ఉంది. అదే పేరుతో తహసీలు కూడా ఉంది. 1923 నుంచి 1931 వరకు ఈ ద్వీపాలకు చీఫ్ కమిషనర్‌గా పనిచేసిన మైకేల్ లాయిడ్ ఫెరార్ పేరు మీద ఆ పేరు వచ్చింది. వింబర్లీగంజ్, స్టీవర్ట్‌గంజ్ అనే ఊళ్ళు కూడా ఆ చుట్టుపక్కలవే. ఇంగ్లీషు అధికారి పేరుకు మన దేశపు 'గంజ్' తోడైన ఈ పేర్లు ఆ ద్వీపాల చరిత్రను ఒక్క మాటలో చెబుతాయి. వేరు వేరు చోట్ల నుంచి వచ్చినవారు, వచ్చిన చోట ఉన్నదానితో సర్దుకుని బతికిన నేల అది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ.

ఇప్పుడు ఫెరార్‌గంజ్‌లో ఒక పుర్రచేతి విద్యార్థిని ఉన్నదనుకోండి. ఆమె ఇంట్లో అన్నయ్య వాడి వదిలేసిన గిటార్ ఉంది. అది కుడిచేతి గిటార్. పెద్ద నగరాల దుకాణాలలోనే ఎడమచేతి గిటార్లు తక్కువగా దొరుకుతాయి. తయారీదారులు అన్ని నమూనాలనూ ఎడమచేతి వారికి చేయరు. చేసినవి కూడా ముఖ్యభూమి నుంచి ఓడ మీదనో విమానం మీదనో రావాలి. ఆమె ముందు మూడు దారులున్నాయి. కుడిచేత్తోనే నేర్చుకోవడం ఒకటి. ఉన్న గిటార్‌ను ఉన్నట్టే తలకిందులుగా పట్టుకోవడం రెండవది. గిటార్‌ను తన చేతికి తగినట్టు మార్చుకోవడం మూడవది. ఈ మూడు దారులలోనూ ఆమెకన్నా ముందు నడిచినవారున్నారు. వారి గురించి చెప్పుకునే ముందు, అసలు వాద్యానికి కుడి ఎడమలు ఎందుకో చూద్దాం.

వాద్యానికి కుడి ఎడమలు ఎందుకు?

మన వీణను గుర్తు తెచ్చుకోండి. కుడిచేతి వేళ్ళు తీగను మీటుతాయి, ఎడమచేతి వేళ్ళు మెట్ల మీద స్వరస్థానాలను పట్టుకుంటాయి. గిటార్‌లోనూ అంతే. ఎప్పుడు మోగాలి, ఎంత గట్టిగా మోగాలి, ఎంత మెత్తగా మోగాలి అన్నది మీటే చేయి నిర్ణయిస్తుంది. లయ దాని చేతిలో ఉంటుంది. అందుకే తీగ వాద్యాలలో చాలామంది తమకు వాటమైన చేతిని మీటడానికి వాడతారు. అయితే రెండో చేతి పని తేలికని అనుకోకండి. గమకం పలికించేది ఆ చేయే.

వాద్యం పై నుంచి చూడడానికి రెండు వైపులా ఒకేలా ఉన్నా, లోపల అలా ఉండదు. సరస్వతీ వీణలో మెట్ల మీదుగా పోయే తీగలు నాలుగు, పక్కన తాళం కోసం మీటే తీగలు మూడు. ఆ మూడూ ఒకే పక్కన ఉంటాయి కనుక వీణను ఊరికే తిప్పి పట్టుకుంటే కుదరదు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణలు చేసే కళాకారులున్నారు. అటువంటి వీణను ఎడమచేతికి కావాలంటే మొదటి ఉలి దెబ్బ నుంచే ఎడమచేతి వీణగా చెక్కాలి.

వాద్యాలు ఎప్పుడూ ఒకేలా లేవన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈనాటి 24 స్థిరమైన మెట్ల వీణ, 17వ శతాబ్దంలో తంజావూరును పాలించిన తెలుగు కవిరాజు రఘునాథ నాయకుని కాలంలో రూపుదిద్దుకుందని సంగీత చరిత్రకారులు చెబుతారు. గిటార్ కూడా అంతే. 19వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు ఆంటోనియో డి టోర్రెస్ (1817–1892) చేతిలో నేటి క్లాసికల్ గిటార్ ఆకారం స్థిరపడింది. జర్మనీ ప్రాంతం నుంచి 1833లో అమెరికా వెళ్ళిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1840ల నాటికి గిటార్ పైపలక లోపల గుణకారపు గుర్తులా రెండు బద్దలు అడ్డంగా పెట్టే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. ఆ బలం ఉండడం వల్లనే తరువాతి కాలంలో, ముఖ్యంగా 1920లలో, గిటార్‌కు ఉక్కు తీగలు బిగించగలిగారు. వాద్యం ఇన్ని మార్పులను తట్టుకుంది. చేతి వాటం కోసం ఇంకొక మార్పును తట్టుకోలేదా?

మొదటి దారి: ఉన్నది ఉన్నట్టు తిప్పి పట్టడం

అమెరికాలోని ఉత్తర కరొలైనా రాష్ట్రంలో, 1890లలో, ఒక పేద నల్లజాతి కుటుంబంలో ఎలిజబెత్ కాటన్ పుట్టింది. అన్న బాంజోను అతను ఇంట లేనప్పుడు తీసి వాయించేది. ఆమెది ఎడమచేతి వాటం. వాద్యం అన్నది, తీగలు మార్చే వీలు లేదు. అందువల్ల దాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకుని వాయించింది. చిన్న వయసులోనే ఇళ్ళలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక గిటార్ కొనుక్కున్నప్పుడూ అదే అలవాటు కొనసాగించింది.

దీనివల్ల ఏమైందో చూడండి. మామూలుగా గిటార్ పట్టుకున్నప్పుడు లావు తీగ పైన, అంటే వాయించేవారి ముఖం వైపు ఉంటుంది. బొటనవేలు లావు తీగల మీద మంద్ర స్వరాలను, మిగతా వేళ్ళు సన్నతీగల మీద పాటను పలికిస్తాయి. ఎలిజబెత్ గిటార్‌లో సన్నతీగ పైకి వచ్చింది. ఆమె బొటనవేలితో పాటను, వేళ్ళతో మంద్ర స్వరాలను పలికించింది. ఆ శైలికి తరువాత ఆమె పేరే వచ్చింది.

పెళ్ళి, సంసారం, ఇంటిపని, చర్చి ఆంక్షలు కలిసి ఆమె చేతి నుంచి కొన్ని దశాబ్దాల పాటు గిటార్‌ను తీసేశాయి. వయసు మళ్ళాక, జానపద సంగీతానికి పేరుపొందిన సీగర్ కుటుంబం ఇంట్లో పనిచేస్తున్నప్పుడు ఆమె మళ్ళీ వాయించడం మొదలుపెట్టింది. 1958లో ఆమె మొదటి ఆల్బం వెలువడింది. తొంభై ఏళ్ళ వయసు ప్రాంతంలో గ్రామీ అవార్డు అందుకుంది. 1987లో మరణించింది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి ప్రభావశీలుర జాబితాలో ఆమె పేరును చేర్చింది.

ఈ దారిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఎవరి గిటార్ అయినా తీసుకుని వాయించవచ్చు, ఒక్క మేకు కదపనక్కరలేదు. ఇబ్బంది ఏమిటంటే, పుస్తకాలలో ఉన్న వేళ్ళ పద్ధతులు, గురువు చూపే మీటు వరుసలు ఏవీ నేరుగా పనికిరావు. అన్నీ తనంతట తానే కనిపెట్టుకోవాలి.

రెండవ దారి: తీగలు తిరగేయడం

ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో 1942లో పుట్టిన పాల్ మెకార్ట్నీకి పద్నాలుగో పుట్టినరోజున తండ్రి ఒక ట్రంపెట్ ఇచ్చాడు. ట్రంపెట్ ఊదుతూ పాడడం కుదరదు కదా! దాన్ని ఇచ్చేసి జెనిత్ అనే కంపెనీ గిటార్ తెచ్చుకున్నాడు. ఎంత ప్రయత్నించినా చేతికి రాలేదు. ఆ రోజుల్లో స్లిమ్ విట్‌మన్ అనే అమెరికన్ గాయకుడి బొమ్మ ఒకటి అతని కంటపడింది. అందులో విట్‌మన్ గిటార్‌ను ఎడమచేతి వారిలా పట్టుకుని ఉన్నాడు. ఇలా కూడా వాయించవచ్చన్నమాట అని అతనికి అప్పుడు తెలిసింది. తీగలు విప్పి తిరగేసి కట్టుకున్నాడు.

ఇందులో గమనించవలసిన విశేషం ఒకటుంది. స్లిమ్ విట్‌మన్ నిజానికి కుడిచేతి వాటం మనిషి. మాంసం ప్యాకింగ్ కర్మాగారంలో పనిచేస్తుండగా ప్రమాదంలో ఎడమచేతి రెండో వేలు చాలా భాగం పోయింది. మెట్ల మీద తీగలు నొక్కడానికి ఆ చేయి పనికిరాక గిటార్‌ను తిప్పి పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఒక కార్మికుడు తన గాయానికి వెతుక్కున్న ఉపాయం, సముద్రానికి అవతల ఒక పిల్లవాడి చేతికి దారి చూపింది. వాద్యాన్ని మార్చుకునే విద్య పుర్రచేతి వారికి మాత్రమే సంబంధించినది కాదని కూడా దీన్నిబట్టి తెలుస్తున్నది.

మెకార్ట్నీ 1965 జూన్ 14న 'యెస్టర్‌డే' పాటను రికార్డు చేసినప్పుడు వాయించిన ఎపిఫోన్ టెక్సాన్ గిటార్ కూడా కుడిచేతి వారి కోసం తయారై, ఎడమచేతికి మార్చినదే. అమెరికన్ గాయకుడు కర్ట్ కొబేన్ 1993 నవంబరు 18న న్యూయార్క్‌లో జరిగిన ప్రసిద్ధ కచేరీలో వాయించినది 1959లో తయారైన మార్టిన్ గిటార్. అదీ కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చినదే. 2020 జూన్‌లో ఆ గిటార్ వేలంలో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. మార్చిన గిటార్ చెడిపోయిన గిటార్ అనుకునేవారికి ఇంతకన్నా వేరే జవాబు అక్కరలేదు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో జిమి హెండ్రిక్స్ (1942–1970) చేతిలో ఉన్నది కూడా తలకిందులు చేసి, తీగలు తిరగేసి కట్టిన కుడిచేతి గిటారే. అయితే అది ఎలక్ట్రిక్ గిటార్. దాని మరమ్మతు వేరే పద్ధతి.

మూడవ దారి: చేయి మార్చుకోవడం

ఎడమచేతి వాటం ఉన్నా కుడిచేతి పద్ధతిలోనే నేర్చుకుని గొప్పవారైన వారూ ఉన్నారు. బ్రిటిష్ గిటార్ విద్వాంసుడు మార్క్ నాఫ్లర్ అటువంటివాడు. మెట్ల మీద నడిచే చేయి వాటమైన చేయి కావడం వారికి లాభించిందని కొందరు అంటారు. కనుక ఎడమచేతి వాటం వారందరూ గిటార్ మార్చుకుని తీరాలని నేను చెప్పడం లేదు. ఎంచుకునే వీలు ఉండాలన్నదే నా మాట. ఇష్టపడి కుడిచేత్తో నేర్చుకోవడం వేరు, వేరే దారి లేదని నేర్చుకోవడం వేరు.

మన కచేరీ వేదిక మీద ఒక సందర్భం

ఇదంతా పాశ్చాత్య సంగీతం మాట, మనకేమిటి అని మీరు అడగవచ్చు. పళని సుబ్రహ్మణ్య పిళ్ళై (1908–1962) కర్ణాటక సంగీతంలో అగ్రశ్రేణి మృదంగ విద్వాంసుడు. ఆయన ఎడమచేతి వాటం మనిషి. మృదంగాన్ని తిప్పి పెట్టుకుంటే చాలు, వాద్యంలో మార్చవలసింది ఏమీ లేదు. మార్చవలసింది వేదికను.

ఎలాగో బొమ్మ గీసి చూడండి. గాయకుడు మధ్యలో ప్రేక్షకుల వైపు తిరిగి కూర్చుంటాడు. ఆయన కుడి పక్కన మృదంగం, ఎడమ పక్కన వయొలిన్ ఉంటాయి. మృదంగ విద్వాంసుడు గాయకుడి వైపు తిరిగి కూర్చుంటే ఆయన కుడిచేయి వాయించే ముఖం సరిగ్గా ప్రేక్షకుల వైపు ఉంటుంది. విద్వాంసుడు ఎడమచేతి వాడైతే అదే ముఖం ప్రేక్షకుల వైపు రావడానికి ఆయన గాయకుడి ఎడమ పక్కకు మారాలి. అప్పుడు వయొలిన్ విద్వాంసుడు కుడి పక్కకు జరగాలి. అలా జరగడానికి అందరూ ఒప్పుకోలేదు. దానివల్ల తొలిరోజుల్లో పళని వారికి అవకాశాలు తగ్గాయి. చెంబై వైద్యనాథ భాగవతార్ వంటి పెద్ద గాయకుడు ఆయన వైపు నిలబడ్డాక పరిస్థితి మారింది. ఒక్కోసారి అడ్డు వాద్యంలో ఉండదు, పక్కవారు కాస్త జరగకపోవడంలో ఉంటుంది.

వయొలిన్ సంగతికి వస్తే, సినీ నటుడు చార్లీ చాప్లిన్ (1889–1977) ఎడమచేత్తో వయొలిన్ వాయించేవాడు. ఆయన వయొలిన్‌కు తీగలను తిరగేయడమే కాకుండా, లోపలి బద్దను, పైపలకకు కింది పలకకు మధ్య నిలబెట్టే చిన్న కర్రను కూడా అటునుంచి ఇటు మార్పించాడు. 1964లో వెలువడిన ఆత్మకథలో ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. గిటార్‌లో అంత దూరం పోనక్కరలేదు. ఎంత దూరం పోవాలో తెలుసుకోవడానికి కొంచెం భౌతికశాస్త్రం కావాలి.

తీగలు తిరగేస్తే లోపల ఏం జరుగుతుంది?

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారన్ మెర్సెన్ 1636లో తీగల కంపనాలకు సంబంధించిన సూత్రాలను ప్రకటించాడు. మీరు పాఠ్యపుస్తకంలో చదివినవి అవే. తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది. బిగువు వర్గమూలానికి అనులోమానుపాతంలోనూ, ఒక మీటరు తీగ ద్రవ్యరాశి వర్గమూలానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది.

గిటార్‌లో ఆరు తీగల పౌనఃపున్యాలు లావు తీగ నుంచి వరుసగా 82.4, 110, 146.8, 196, 246.9, 329.6 హెర్ట్జ్‌లు. మొదటిదానికీ చివరిదానికీ సరిగ్గా నాలుగు రెట్ల తేడా. పొడవు అన్నిటికీ దాదాపు ఒకటే, సుమారు 65 సెంటీమీటర్లు. బిగువు కూడా దాదాపు సమానంగా ఉండాలంటే లావు తీగ ద్రవ్యరాశి సన్నతీగకు 16 రెట్లు ఉండాలి. అందుకే మామూలు ఉక్కు తీగల సెట్టులో సన్నతీగ మందం 0.30 మిల్లీమీటర్లు, లావు తీగ మందం 1.35 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నతీగ బిగువును మీరే లెక్క కట్టి చూడండి. ఉక్కు సాంద్రతను ఘనమీటరుకు 7850 కిలోగ్రాములుగా తీసుకుంటే, పదిన్నర కిలోల బరువు వేలాడదీసినంత వస్తుంది. ఆరు తీగలూ కలిసి గిటార్‌ను సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. తీగలను అటూ ఇటూ చేసినా బిగువు అన్ని చోట్లా ఇంచుమించు ఒకటే కనుక, గిటార్ మెడ వంకర పోతుందేమో అన్న భయం అక్కరలేదు. లోపలి బద్దలను కూడా సాధారణంగా ఎవరూ కదపరు.

మారేవి ముఖ్యంగా రెండు. మొదటిది మెడ చివర తీగలు ఆనే నట్. దాని మీద ఒక్కో తీగకు దాని మందానికి సరిపడా గాడి ఉంటుంది. 1.35 మిల్లీమీటర్ల తీగ 0.30 మిల్లీమీటర్ల గాడిలో దిగదు, పైనే నిలబడిపోతుంది. సన్నతీగ వెడల్పు గాడిలో లోతుకు పడి, అటూ ఇటూ కదిలి జరజరలాడుతుంది. నట్‌ను తీసి తిప్పి పెట్టినా సరిపోదు, ఎందుకంటే గాడులు బిరడల వైపు వాలి ఉంటాయి. కాబట్టి కొత్త నట్ కావాలి.

రెండవది బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్. ఉక్కు తీగల గిటార్‌లో అది కొంచెం వాలుగా ఉంటుంది, గమనించండి. తీగను మెట్టు మీదికి నొక్కినప్పుడు అది కాస్త సాగి, బిగువు పెరిగి, శ్రుతి కొద్దిగా పైకి పోతుంది. లావు తీగలో ఈ దోషం ఎక్కువ. దాన్ని సరిదిద్దడానికి లావు తీగకు కొన్ని మిల్లీమీటర్లు అదనపు పొడవు ఇస్తారు. మొత్తం మీద శాడిల్ రెండు చివరల మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. తీగలు తిరగేస్తే ఈ వాలు వ్యతిరేకం అవుతుంది. లావు తీగకు పొడవు తగ్గుతుంది, సన్నతీగకు పెరుగుతుంది.

ఇది చెవికి ఎంత తెలుస్తుంది? పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల మధ్య దూరాన్ని 100 సెంట్లుగా విభజిస్తారు. పొడవులో 3 మిల్లీమీటర్ల తేడా 12వ మెట్టు దగ్గర సుమారు 8 సెంట్ల అపశ్రుతిని ఇస్తుంది. అంటే లావు తీగ 8 సెంట్లు పైకి, సన్నతీగ 8 సెంట్లు కిందికి. రెండూ కలిపి మీటితే 16 సెంట్ల తేడా. అది అలవాటైన చెవికి స్పష్టంగా తెలుస్తుంది. అదే 3వ మెట్టు దగ్గర ఆ తేడా ఒక్కో తీగకు ఒకటిన్నర సెంట్లే. అందుకే మెడ చివరి మెట్ల దగ్గరే వాయించే కొత్తవారు శాడిల్ మార్చకపోయినా చాలాకాలం గమనించరు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌లో శాడిల్ సాధారణంగా నిటారుగానే ఉంటుంది కనుక దానికి ఈ బాధ దాదాపు లేదు. మొదటిసారి మార్చి చూడాలనుకునేవారికి అదే మేలైన గిటార్.

పని వరుస

ఈ పనిలో ఒక సూత్రం గుర్తుంచుకోండి. వెనక్కి తీసుకోగలిగిన మార్పులు ముందు, వెనక్కి తీసుకోలేనివి చివర.

మొదట గిటార్ ఆకారం చూడండి. పై మెట్లు అందడానికి ఒక భుజం తొలిచిన గిటార్‌ను తిప్పితే ఆ తొలిచిన భాగం పనికిరాని పైవైపుకు పోతుంది. రెండు భుజాలూ సమానంగా ఉన్నదాన్నే ఎంచుకోండి. తీగలను ఒక్కసారిగా తెంచకుండా, అన్నిటినీ కొంచెం కొంచెంగా వదులు చేసి విప్పండి. పాత నట్ మీదే తీగలను తిరగేసి కట్టి రెండు వారాలు వాయించి చూడండి. మోత సరిగా ఉండదు, కానీ చేతికి నప్పుతున్నదో లేదో తెలుస్తుంది. నప్పకపోతే తీగలు మళ్ళీ యథాస్థానంలో కట్టేయవచ్చు, పోయిందేమీ లేదు.

నప్పితే రెండవ మెట్టు నట్. చిన్న చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టి పాత నట్‌ను ఊడదీయాలి. పశువు ఎముకతోగాని, గట్టి ప్లాస్టిక్‌తోగాని కొత్తది చేసి, ఎదురు వరుసలో గాడులు తీయాలి. గాడిని కొద్దికొద్దిగా ఆకురాయితో దించుతూ, తీగ పెట్టి చూస్తూ పోవాలి. ఎక్కువ కోసిన గాడిని మళ్ళీ పూడ్చడం కష్టం. పాత నట్‌ను పారేయకుండా దాచండి. బ్రిడ్జిలో తీగలను పట్టి ఉంచే పిన్నుల రంధ్రాలు కూడా చూడండి. లావు తీగ దిగని చోట మాత్రమే కొంచెం పెద్దవి చేయాలి.

మూడవది శాడిల్. పాత గాడిని గట్టి చెక్క బద్దతో పూడ్చి, ఎదురు వాలులో కొత్త గాడి తీయించాలి. ఇది అనుభవం ఉన్న వడ్రంగితో లేదా వాద్యాలు బాగుచేసేవారితో చేయించవలసిన పని, ఎందుకంటే ఇది వెనక్కి రాదు. అండమాన్‌లో పడౌక్ కలప ప్రసిద్ధి. పాత కుర్చీ కాలు నుంచి కోసిన ముక్క కూడా ఈ పూడ్పుకు సరిపోతుంది. కొత్త చెట్టు కొట్టనక్కరలేదు. ద్వీపాల అడవులలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు 2002 మే నెలలో ఇచ్చిన ఉత్తర్వుతో గట్టిగా కట్టడి చేసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. చివరగా, గోరు గీతలు పడకుండా అంటించే పలుచని రేకును రెండో పక్కకు మార్చడం, మెడ అంచున మెట్ల గుర్తు చుక్కలను రెండో అంచున పెట్టడం, భుజపట్టీ గుండీని జరపడం. ఇవి చేస్తే సుఖం, చేయకపోయినా గిటార్ మోగుతుంది.

ద్వీపంలో చెక్క, తేమ

ఫెరార్‌గంజ్ వంటి చోట ఇంకొక సంగతి చూసుకోవాలి. అండమాన్‌కు రెండు రుతుపవనాల వానలూ వస్తాయి. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్లు కురుస్తుంది. గిటార్ తయారీదారులు 45 నుంచి 55 శాతం సాపేక్ష తేమ మేలంటారు. ద్వీపాలలో గాలి తేమ ఏడాదిలో చాలా నెలలు అంతకన్నా బాగా ఎక్కువ. చెక్క తేమను పీల్చుకుని, నారకు అడ్డంగా ఉబ్బుతుంది. పైపలక పొంగితే బ్రిడ్జి లేస్తుంది, తీగలు మెట్లకు ఎత్తవుతాయి. వానాకాలంలో కొలిచి తీసిన గాడి ఎండాకాలంలో లోతు ఎక్కువైనట్టు కనిపిస్తుంది. అందుచేత ఈ పనిని జనవరి నుంచి మార్చి మధ్య పొడి రోజుల్లో చేసుకోవడం మంచిది. తరువాత గిటార్‌ను మూతపెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. వాయించాక తీగలను పొడిగుడ్డతో తుడవాలి. ఉప్పుగాలికి ఉక్కు తొందరగా తుప్పు పడుతుంది.

మీరు చేయదగిన పరిశీలన

మీ తరగతిలో ఒక చిన్న పరిశీలన చేయండి. ఎవరికీ ముందు చెప్పకుండా, ఊరికే గిటార్ వాయిస్తున్నట్టు నటించమని అడగండి. ఎవరు ఏ చేత్తో మీటుతున్నారో రాసుకోండి. తరువాత రాసే చేయి, బంతి విసిరే చేయి అడిగి పట్టిక వేయండి. ఈ మూడూ అందరిలోనూ ఒకే చేయి కావని మీరు గమనించవచ్చు. అగ్గిపుల్ల గీయడానికి ఒక చేయి, చీపురు పట్టడానికి ఇంకొక చేయి వాడేవారు మీ ఇంట్లోనే ఉండవచ్చు. చేతి వాటం రెండు పెట్టెలుగా విడిపోయిన విషయం కాదని మీ పట్టికే మీకు చెబుతుంది.

ఆ పట్టికలో ఎడమచేత్తో మీటిన పేర్లు ఏవైనా ఉంటే, వారికి ఈ ప్రసంగం చదవమని ఇవ్వండి. ఎలిజబెత్ కాటన్‌కు తీగలు మార్చే వీలు లేక తనకు తాను ఒక పద్ధతి కట్టుకుంది. మెకార్ట్నీకి ఒక బొమ్మ దారి చూపింది. పళని వారి కోసం ఒక పెద్ద గాయకుడు వేదిక మీద చోటు మార్పించాడు. మీ తరగతిలోని ఆ నలుగురికి కావలసింది ఇంత పెద్ద సాహసమేమీ కాదు. ఒక పాత గిటార్, ఒక కొత్త నట్, "ఆ చెయ్యి కాదు" అనకుండా పక్కన కూర్చుని చూసే ఒక పెద్దమనిషి. మొదటి రెండూ కొనుక్కోవచ్చు. మూడవది మాత్రం మనలో ఎవరో ఒకరు కావాలి.